టిస్సింగ్టన్‌లో నాలుగు రోజులు: పాత రైలు దారి మీద సైకిళ్ళు, చుట్టుపక్కల చరిత్ర

మే నెలలో నాలుగు రోజులకు ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కౌంటీలోని టిస్సింగ్టన్ ఊళ్ళో కాటేజ్ తీసుకున్నామని రాశారు. మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ బాబూ, గుంటూరు నుంచి వస్తున్న అమ్మానాన్నా. నాన్నగారు పత్తి పండించిన రైతు. సైకిల్ బాగా వచ్చు గానీ తొక్కి చాలా ఏళ్ళయింది. అమ్మగారు నడుస్తారు, తొక్కరు. ఎవరిని అడిగినా డవ్‌డేల్ లోయ, చాట్స్‌వర్త్ భవంతి అంటున్నారు, ఊరి చుట్టూ పాత చరిత్ర ఏముంది, ఆ సైకిల్ దారి పెద్దవాళ్ళకు పనికొస్తుందా అన్నది మీ ప్రశ్న. నేను డెర్బీలో ఉంటాను. ఈ దారులు నాకు ఎండలోనూ వానలోనూ తెలుసు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని తిప్పిన అనుభవమూ ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. మీ కాటేజ్ పక్కనుంచి పోయే సైకిల్ దారే ఆ చుట్టుపక్కల అన్నిటికంటే చూడదగ్గ చారిత్రక కట్టడం. వచ్చినవాళ్ళలో చాలామంది దాని మీద మైళ్ళు లెక్కపెట్టుకుంటూ తొక్కేసి వెళ్ళిపోతారు. మీరు రోజుకు తక్కువ దూరం పెట్టుకోండి, ఎక్కువసార్లు సైకిల్ దిగండి. కారు అవసరం మీరు అనుకున్నంత ఉండదు.

ఆ సైకిల్ దారి పేరు టిస్సింగ్టన్ ట్రయల్, ఒకప్పటి రైలు మార్గం. ఆష్‌బోర్న్ నుంచి బక్స్‌టన్ వైపు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వాళ్ళు వేసిన ఈ లైను 1899లో మొదలైంది. ఇంగ్లండ్‌లో అప్పటికే దాదాపు ప్రతి పట్టణానికీ రైలు వచ్చేసింది, ఇది బాగా ఆలస్యంగా పుట్టిన లైను. పాలు, సున్నపురాయి, సంతకు వెళ్ళే జనం, ఇవే దాని బతుకు. బస్సులూ లారీలూ వచ్చాక నిలబడలేకపోయింది. 1954లో మామూలు ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, 1960లలో మిగతావీ ఆగి పట్టాలు లేచిపోయాయి. తర్వాత పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్ళు ఆ స్థలం కొని, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ గుర్రాలకూ అనువుగా చేసి 1971లో తెరిచారు. పాత రైలు దారిని ఇలా జనానికి ఇవ్వడం దేశంలో అప్పటికి కొత్త. తర్వాత ఎన్నో చోట్ల ఇదే పద్ధతి వచ్చింది.

రైలు దారి కావడం వల్లే ఇది మీ నాన్నగారి వయసువాళ్ళకు సరిపోతుంది. ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు. అందుకని గుట్ట అడ్డొస్తే కోశారు, పల్లం అడ్డొస్తే మట్టికట్ట పోశారు. ఆష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్ళు, అంటే 21 కిలోమీటర్లు. ఆ దూరంలో 200 మీటర్లకు పైగా పైకి వెళ్తారు, కానీ ఎక్కడా ఎక్కుతున్నట్టు కంటికి కనిపించదు. తొడలకు మాత్రం తెలుస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. దారి చదునుగా ఉంది, మరి నాకెందుకు ఆయాసం వస్తోంది అనుకుని కంగారు పడతారు. ఉత్తరంగా వెళ్తున్నంతసేపూ ఎక్కుతూనే ఉన్నారని నాన్నగారికి ముందే చెప్పండి, గేరు తగ్గించుకుని నింపాదిగా తొక్కుతారు.

సైకిళ్ళు అద్దెకిచ్చే కేంద్రాలు దారికి రెండు కొసలా ఉన్నాయి, ఒకటి ఆష్‌బోర్న్, రెండోది పార్స్‌లీ హే. రెండూ నేషనల్ పార్క్ వాళ్ళవే. టిస్సింగ్టన్‌లో లేదు. నేనైతే ఆష్‌బోర్న్‌లో తీసుకోమంటాను, కారణం ఎత్తే. కింది కొస నుంచి బయల్దేరితే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతారు, అలసిపోయాక దిగుతూ వస్తారు. పార్స్‌లీ హేలో తీసుకుంటే మొదట హాయిగా జారుకుంటూ వెళ్ళిపోయి, సైకిళ్ళు తిరిగి ఇవ్వడానికి అలసిన కాళ్ళతో ఎక్కుతూ రావాలి. పిల్లలున్న కుటుంబాలు సాయంత్రం ఆ ఎత్తులో సైకిళ్ళు నెట్టుకుంటూ రావడం తరచూ చూస్తుంటాను. ఇంకోటి, ఈ దేశంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, తిరుగు ప్రయాణంలో అది ఎదురొస్తుంది. పై భాగంలో చెట్లు తక్కువ, గాలి సూటిగా తగులుతుంది. దిగుడే కదా అని చివరి గంటకు మరీ తక్కువ సమయం మిగుల్చుకోకండి. నాన్నగారి కోసం ఎలక్ట్రిక్ సైకిల్ ఉందేమో ముందుగా అడిగి బుక్ చేయండి. బాబుకు వాడి ఎత్తు చెప్పి బుక్ చేయాలి, ఊరికే తొమ్మిదేళ్ళు అంటే సరిపోదు.

ఆష్‌బోర్న్ కేంద్రం దాటగానే సొరంగం, సుమారు 350 మీటర్లు. లోపల దీపాలున్నాయి, పాత ఆవిరి ఇంజను చప్పుడు స్పీకర్లలో వినిపిస్తుంది. బాబుకు ముందే చెప్పకండి. సొరంగం దాటాక కొంచెం దూరంలో బెంట్లీ బ్రూక్ అనే వాగు దగ్గర దారి ఉన్నట్టుండి కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. అక్కడి రైలు వంతెన తీసేశారు. దారి మొత్తం మీద కష్టమైన చోటు అదొక్కటే. దిగేటప్పుడు వెనక బ్రేకు మీద ఎక్కువ ఆధారపడమనండి, ఎక్కేటప్పుడు దిగి నడవడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. అక్కడి నుంచి థోర్ప్ మీదుగా టిస్సింగ్టన్ దాకా సాఫీగా వచ్చేస్తారు. ఆష్‌బోర్న్ నుంచి మీ ఊరికి నాలుగు మైళ్ళ లోపే. మొదటి రోజుకు అది చాలు. ఆ పూట సైకిళ్ళు అలవాటు చేసుకుని, రెండో రోజు పైకి వెళ్ళండి.

పైన ఆల్సప్ స్టేషన్ ఉండిన చోటు దాటాక కోల్డ్‌ఈటన్ కోత, అంటే రైలు కోసం గుట్టను కోసిన చోటు, వస్తుంది. రెండు వైపులా సున్నపురాయి గోడలు నిలువుగా లేస్తాయి, గాలి ఆగిపోతుంది, చల్లగా ఉంటుంది. ఇక్కడ సైకిళ్ళు పక్కకు పెట్టి రాతి దగ్గరికి వెళ్ళి చూడండి. ఈ రాయి ముప్పై కోట్ల ఏళ్ళకు ముందు ఉండిన వెచ్చటి, లోతు తక్కువ సముద్రం అడుగున ఏర్పడింది. ఇక్కడి సున్నపురాయిలో చిటికెన వేలి గోరంత గుండ్రటి బిళ్ళలు, మధ్యలో చిన్న రంధ్రంతో, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. అవి క్రినాయిడ్లు, సముద్రపు అడుగున కాడతో నిలబడే జీవుల ముక్కలు. పొలాల గోడల్లోనూ, గేటు పక్కన పాతిన రాళ్ళలోనూ దొరుకుతాయి. బాబుకు ఒకసారి చూపిస్తే ఆ తర్వాత ప్రతి గోడ దగ్గరా వాడే ఆపుతాడు. రాళ్ళు పీకనివ్వకండి, చూసి వదిలేయడమే. మే నెలలో ఇక్కడి గట్ల మీద పసుపుపచ్చ కౌస్లిప్ పూలు విరగబూసి ఉంటాయి. పొలాలకు ఎరువులు వేసి దున్నినచోట ఈ పూలు తగ్గిపోయాయి, ఎవరూ దున్నని రైలు గట్టు మీద నిలిచాయి.

ఇంకా ముందుకెళ్తే హార్టింగ్టన్ స్టేషన్ స్థలం, అక్కడ పాత సిగ్నల్ బాక్స్‌ను అలాగే ఉంచారు. తెరిచి ఉంటే పైకెక్కి లీవర్లు చూడొచ్చు. స్టేషన్ పేరు హార్టింగ్టన్ అయినా ఊరు అక్కడికి రెండు మైళ్ళ దూరంలో లోయలో ఉంది. లైను మిట్ట మీదుగా పోయింది మరి. పాల డబ్బాలు బండి మీద ఆ ఎత్తు ఎక్కించుకుని వచ్చిన రైతుల సంగతి తలచుకుంటే ఈ లైను ఎందుకు ఎక్కువ కాలం నిలవలేదో సగం అర్థమవుతుంది. ఊళ్ళోకి సైకిల్ మీద దిగకండి, తిరిగి ఎక్కడం పెద్దవాళ్ళకు కష్టం. ఇంకోరోజు కారులో వెళ్ళి చీజ్ దుకాణం చూడండి. స్టిల్టన్ అనే నీలి చారల చీజ్ చట్టప్రకారం మూడు కౌంటీల్లోనే తయారుకావాలి, డెర్బీషైర్ అందులో ఒకటి.

ఇప్పుడు మీ ఊరి సంగతి. టిస్సింగ్టన్‌లోకి నిమ్మజాతి కాని లైమ్ చెట్ల వరుసల మధ్య నుంచి ప్రవేశిస్తారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ నాన్నగారిని ఊరి అంచుకు తీసుకెళ్ళి చుట్టూ ఉన్న పచ్చిక బీళ్ళు చూపించండి. గడ్డి కింద నేల వరుసలు వరుసలుగా, మిట్ట పల్లం, మిట్ట పల్లం అన్నట్టు ఉంటుంది. అవి మధ్యయుగాల నాటి దుక్కి చాళ్ళు. ఎద్దుల జట్లతో ఏటేటా ఒకే వరస దున్నుతూ పోతే మట్టి మధ్యకు చేరి అలా గట్టు కట్టింది. కొన్ని వరుసలు తిన్నగా ఉండవు, రెండు కొసల్లో కొంచెం వంపు తిరుగుతాయి. పొడవాటి ఎద్దుల జట్టు చేను చివర మలుపు తిరగడానికి ముందు నుంచే పక్కకు మళ్ళేది, ఆ వంపు నేలలో మిగిలిపోయింది. తర్వాతి కాలంలో ఇక్కడ సాగు మానేసి గొర్రెలు, పశువులు మేపడం మొదలుపెట్టారు కాబట్టి ఎవరూ చదును చేయలేదు. మధ్యాహ్నం ఎండలో ఇది కనిపించదు, నీడ పొడుగ్గా పడే వేళ కావాలి. అరక కట్టినవాళ్ళకు ఆ పొలం దగ్గర ఎవరూ వివరించనక్కర్లేదు.

ఊరి నడుమ టిస్సింగ్టన్ హాల్, 1609లో కట్టిన భవంతి. ఫిట్జ్‌హర్బర్ట్ కుటుంబం పదిహేనో శతాబ్దం నుంచీ ఈ ఊరి యజమానులు, ఇప్పటికీ వాళ్ళే అందులో ఉంటున్నారు. కాబట్టి లోపలికి ఏడాదిలో కొన్ని రోజులే రానిస్తారు, మీ తేదీలు చూసుకోండి. ఎదురుగా మిట్ట మీద సెయింట్ మేరీ చర్చి, నార్మన్ల కాలం నాటిది. లోపల జ్ఞానస్నానపు రాతి తొట్టి మీద జంతువుల బొమ్మలు గీతల్లో చెక్కి ఉంటాయి, వంగి చూడాలి.

మే నెల అన్నారు కాబట్టి అసలు విశేషం బావుల అలంకరణ. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజుకు వచ్చే అసెన్షన్ గురువారం (క్రీస్తు స్వర్గారోహణ పండుగ) నాడు మొదలై వారం పాటు ఊళ్ళోని బావులన్నిటి దగ్గరా పూల రేకుల చిత్రాలు నిలబెడతారు. డెర్బీషైర్‌లో ఎన్నో ఊళ్ళలో ఈ ఆచారం ఉంది, టిస్సింగ్టన్‌కు అందులో పెద్దపీట. ఎందుకు మొదలైందన్నదానికి ఊరివాళ్ళు రెండు కథలు చెప్తారు. 1348, 1349లలో ప్లేగు దేశమంతా ఊడ్చేసినా మంచి నీళ్ళ వల్ల ఈ ఊరు బతికిపోయిందని ఒకటి, 1615 నాటి కరువులో కూడా ఈ బావులు ఎండలేదని మరొకటి. బావి అంటే మన గిలక బావిలా లోతుగా ఊహించుకోకండి, ఇవి ఊట నీళ్ళు రాతి తొట్లలోకి చేరే చోట్లు. హాల్ వెల్, టౌన్ వెల్, యూ ట్రీ వెల్, హ్యాండ్స్ వెల్, చిన్నపిల్లలు అలంకరించేది చిల్డ్రన్స్ వెల్. కాఫిన్ వెల్ అన్నది శవపేటిక ఆకారపు రాతి తొట్టి ఉన్నది.

తయారీ చూడగలిగితే పూర్తయిన చిత్రం కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది. చెక్క చట్రాలను కొన్ని రోజులు నీళ్ళలో నానబెడతారు, ఎండిన చెక్క మట్టిలోని తడి లాగేస్తుంది కాబట్టి. ఉప్పు కలిపి తొక్కిన బంకమట్టిని వాటిలో నింపి నున్నగా చేస్తారు. కాగితం మీద గీసిన బొమ్మను దాని మీద పరిచి, గీతల వెంట సూదితో పొడుస్తారు. కాగితం తీశాక మట్టిలో చుక్కలు మిగులుతాయి. ఆ గీతల మీద గింజలు, చెట్టు బెరడు, చిన్న కాయలు గుచ్చి, ఖాళీల్లో నాచు, ఆకులు, చివరికి పూరేకులు ఒక్కొక్కటిగా అద్దుతారు. రేకులు కింది నుంచి పైకి పేర్చుకుంటూ వస్తారు, పై రేకు కింది రేకు అంచును కప్పుతుంది. వాన పడితే నీరు ఇంటికప్పు పెంకుల మీద జారినట్టు జారిపోవాలి, మట్టిలోకి దిగకూడదు. మీ తేదీలు ఆ వారానికి ముందు పడితే ఊళ్ళో ఎక్కడ చేస్తున్నారో అడగండి. చాలా ఊళ్ళలో చూడనిస్తారు, కొన్నిచోట్ల చెయ్యి వేయనిస్తారు కూడా. అమ్మగారు సైకిల్ తొక్కరని మీరు బెంగపడ్డారు, ఆమెకు ఈ ఊళ్ళో ఒక పూట కాదు, ఒక రోజు పడుతుంది.

టిస్సింగ్టన్‌కు దక్షిణంగా కొద్ది దూరంలో ఫెనీ బెంట్లీ ఉంది. పక్కనే కదా అని సైకిళ్ళ మీద ఏ515 రోడ్డు ఎక్కకండి, బళ్ళు చాలా వేగంగా పోతాయి. కారులో వెళ్ళండి. అక్కడి సెయింట్ ఎడ్మండ్ చర్చిలో థామస్ బెరెస్ఫర్డ్, ఆయన భార్య ఆగ్నెస్‌ల సమాధి ఉంది. ఈయన 1415లో ఫ్రాన్సులో జరిగిన అజిన్‌కోర్ట్ యుద్ధంలో పోరాడాడని చెబుతారు, 1473లో చనిపోయాడు. ఇంగ్లండ్ చర్చీల్లో సమాధుల మీద మనుషుల్ని కవచాలతో, ఆభరణాలతో, చేతులు జోడించి చెక్కడం మామూలు. ఇక్కడ భార్యాభర్తలిద్దరినీ తల నుంచి పాదం దాకా శవవస్త్రంలో చుట్టి, తల మీదా పాదాల దగ్గరా గుడ్డ మూటకట్టి ముడివేసినట్టు చెక్కారు. ముఖాలు లేవు. మడతలు మాత్రం మెత్తటి బట్ట అన్నంత సహజంగా ఉన్నాయి. పక్కల చుట్టూ వాళ్ళ పిల్లలు, పదహారుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్ళు, వాళ్ళూ అలాగే చుట్టిన మూటలే. ఆ భార్యాభర్తలు పోయిన వంద ఏళ్ళకు గానీ సమాధి చెక్కలేదు, ముఖాలు ఎలా ఉండేవో తెలిసినవాళ్ళు లేక ఇలా చేశారని చెబుతారు. పిల్లాడు భయపడతాడేమో మీరే చూసుకోండి. నాకు ఈ జిల్లాలో ఒకే ఒక్క చర్చికి సమయముందంటే అక్కడికే తీసుకెళ్తాను.

రెండో రోజు పైకి వెళ్ళినప్పుడు ఎవరికి ఓపిక ఉంటే వాళ్ళు పార్స్‌లీ హే దాకా వెళ్ళండి, కాఫీ, మరుగుదొడ్లు ఉన్నాయి. అమ్మగారిని కారులో అక్కడికి తీసుకొచ్చి, అందరూ కలిసి ‘ఆర్బర్ లో’ (Arbor Low) అనే చోటికి వెళ్ళొచ్చు, కొద్ది మైళ్ళే. ఇది నాలుగున్నర వేల ఏళ్ళ నాటి రాతి వలయం. గుండ్రటి మట్టికట్ట, దాని లోపల కందకం, మధ్యలో యాభై దాకా సున్నపురాతి పలకలు. స్టోన్‌హెంజ్‌లోలా నిలబడి లేవు, దాదాపు అన్నీ పడుకునే ఉన్నాయి. ఒకప్పుడు నిలబడి ఉండేవా, మొదటి నుంచీ ఇంతేనా అన్నది పురాతత్వవేత్తలు తేల్చలేదు. పలకల మీద వాన నీరు నిలిచి చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. పక్కనే గిబ్ హిల్ అనే సమాధి దిబ్బ ఉంది, దాన్ని 1848లో థామస్ బేట్‌మన్ తవ్వించాడు. దారి ఒక రైతు పొలంలోంచి పోతుంది, లోపలికి వెళ్ళడానికి చిన్న మొత్తం చెల్లించాలి, చిల్లర దగ్గర పెట్టుకోండి. కంచె లేదు, టికెట్ గది లేదు, తాకవద్దనే తాడు లేదు. స్టోన్‌హెంజ్ చూసి నిరాశపడినవాళ్ళను నేను ఇక్కడికే పంపుతాను.

పార్స్‌లీ హే దగ్గర ఇంకో పాత రైలు దారి కలుస్తుంది, హై పీక్ ట్రయల్. ఇది క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే, 1831 నాటికి పూర్తయింది. ఒకవైపు క్రామ్‌ఫర్డ్ కాలువ, మరోవైపు వేలీ బ్రిడ్జ్ దగ్గర పీక్ ఫారెస్ట్ కాలువ, మధ్యలో కొండలు. కాలువను కొండ ఎక్కించలేక రైలు వేశారు. చదునుగా ఉన్నచోట మొదట్లో గుర్రాలు లాగేవి, నిట్రవాలుల మీద ఒకచోట పాతిన ఆవిరి ఇంజన్లు వ్యాగన్లను గొలుసులతో పైకి లాగేవి. మిడిల్టన్ టాప్ దగ్గర 1829 నాటి ఇంజను ఇప్పటికీ దాని భవనంలో ఉంది, 1963 దాకా పనిచేసింది. కానీ మిడిల్టన్, షీప్ పాస్చర్ వాలులు దాదాపు ఎనిమిదింటికి ఒకటి, అంటే ఎనిమిది అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు. సైకిల్ మీద దిగొద్దు, నడిపించుకుని దిగాలి. 1888లో షీప్ పాస్చర్ మీద తెగిపోయిన వ్యాగన్లు కింద కాలువనూ, పక్కన రైలు లైనునూ దాటి అవతల పడ్డాయి. ఆ తర్వాత జారిపోయిన బళ్ళను పట్టడానికి వాలు అడుగున పెద్ద గొయ్యి కట్టారు, అందులో ఒక వ్యాగన్ శిథిలం ఇప్పటికీ కనిపిస్తుంది.

మీరు ఈ దారి మొత్తం తొక్కక్కర్లేదు. మూడో రోజు కారులో నేరుగా క్రామ్‌ఫర్డ్ వెళ్ళండి. నాన్నగారు పత్తి రైతు కాబట్టి ఈ ఊరు తప్పించకండి.

మన కోరమండల్ తీరపు రంగుల అద్దకపు నూలు బట్టలకు ఇంగ్లండ్‌లో పదిహేడో శతాబ్దంలోనే మోజు పట్టింది. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లోనే వ్యాపార స్థావరం పెట్టింది. ఆ బట్టల వల్ల తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు దెబ్బతింటున్నారని గొడవలై, 1700లో అద్దకపు నూలు బట్టల దిగుమతి మీద, 1721లో ఇంగ్లండ్‌లో వాటిని కట్టుకోవడం మీద కూడా చట్టాలు తెచ్చారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో వడికిన నూలుకు పడుగుగా, అంటే మగ్గం మీద పొడవునా బిగించే దారంగా, నిలిచేంత బలం ఉండేది కాదు, పడుగుకు నార దారం వాడేవాళ్ళు. మంగలి పని, సవరాల వ్యాపారం చేసిన రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి చక్రంతో నడిచే వడికే యంత్రాన్ని పెట్టి 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు మొదలుపెట్టాడు. ఆ యంత్రం నుంచి పడుగుకు సరిపోయే గట్టి నూలు వచ్చింది. తర్వాత ఆయనా, భాగస్వాములూ పార్లమెంటుకు అర్జీ పెట్టి, ఇంగ్లండ్‌లో తయారైన పూర్తి నూలు బట్టకు 1774లో మినహాయింపు తెచ్చుకున్నారు. మన నేతగాళ్ళ చేతిపనికి పోటీగా మిల్లు బట్ట నిలబడడానికి దారి పడింది ఈ చిన్న ఊళ్ళోనే. ఇక్కడికి వచ్చిన పత్తి మాత్రం మనది కాదు, ఎక్కువగా వెస్టిండీస్ నుంచి, లెవంట్ అనే తూర్పు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చేది. వెస్టిండీస్‌లో దాన్ని పండించింది బానిసలు. మిల్లులో చిన్నపిల్లలు రాత్రింబవళ్ళు పన్నెండు గంటల వంతుల్లో పనిచేశారు.

రోడ్డు వైపు ఉన్న మిల్లు గోడను ఒకసారి బయటి నుంచి చూడండి. కింది అంతస్తులో కిటికీలు లేవు. 1779లో లాంకషైర్‌లోని బర్కేకర్ దగ్గర ఆర్క్‌రైట్ మిల్లును యంత్రాల మీద కోపంతో జనం తగలబెట్టారు. తర్వాత ఇక్కడి ప్రహరీని కోటలా చూసుకున్నాడు. ఊళ్ళోకి నడిస్తే నార్త్ స్ట్రీట్, 1770లలో కార్మికుల కోసం కట్టిన మూడంతస్తుల ఇళ్ళు. పై అంతస్తు కిటికీలు పొడవుగా ఉంటాయి, మగ్గానికి వెలుతురు కోసం. ఆడవాళ్ళూ పిల్లలూ మిల్లులో వడికితే మగవాళ్ళు ఇంటి మీద నేసేవాళ్ళు. ఈ లోయలోని మిల్లులను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మిల్లు నుంచి హై పీక్ జంక్షన్ దాకా కాలువ గట్టు మీద చదునైన నడక, అమ్మగారికి హాయిగా ఉంటుంది.

డవ్‌డేల్ వద్దనను. థోర్ప్ క్లౌడ్ గుట్ట కింద నదిలో పరిచిన రాళ్ళ మీద అడుగులు వేస్తూ దాటడం బాబుకు సరదా. కానీ ఎనిమిది గంటలకల్లా అక్కడుండండి. పది దాటితే రాళ్ళ దగ్గర వరుసలో నిలబడాలి, కారు పెట్టడానికి చోటు ఉండదు. చాట్స్‌వర్త్ పెద్ద భవంతి, ఒక రోజంతా తినేస్తుంది, ఈసారికి వదిలేయమంటాను. ప్లేగు రోజుల్లో తమను తాము నిర్బంధించుకున్న ఈమ్ ఊరూ అంతే, ఉత్తరాన దూరంగా ఉంది, దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి.

ట్రయల్ వదిలి పక్కదారులు పట్టాలనిపిస్తే గుర్తులు తెలియాలి. పసుపు బాణం ఉన్నది నడిచేవాళ్ళ దారి, అక్కడ సైకిల్ తొక్కకూడదు. నీలం బాణం బ్రైడిల్‌వే, 1968 నుంచి సైకిళ్ళకూ హక్కుంది, కానీ నడిచేవాళ్ళకూ గుర్రాలకూ మనమే దారివ్వాలి. మీరు గుర్రం వెనకగా వస్తూ దాన్ని దాటబోతుంటే గంట ఠక్కున కొట్టకండి, దూరం నుంచే గట్టిగా హలో అని, వేగం తగ్గించి, రౌతు సరేనన్నాక దాటండి. మేలో గొర్రె పిల్లలు, దూడలు పొలాల్లో ఉంటాయి. మూసి ఉన్న గేటు తెరిస్తే మళ్ళీ మూయాలి, దూడకూ ఆవుకూ మధ్యలోంచి నడవకూడదు. కోతల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్24 కాగితపు మ్యాపు ఒకటి కొనండి. నాన్నగారికి మ్యాపు ఇచ్చి దారి చూపించమంటే ఆయనకూ ఉత్సాహంగా ఉంటుంది.

బట్టల విషయంలో గుంటూరు మే నెలను మనసులోంచి తీసేయాలి. పార్స్‌లీ హే దగ్గర గాలి వేస్తే స్వెట్టర్ మీద గాలి ఆపే జాకెట్ కావాలి, చేతులకు గ్లవ్స్ కావాలి. బ్రేకు పట్టుకునే వేళ్ళు బిగుసుకుపోతే పెద్దవాళ్ళు తడబడతారు.

తిండికి వస్తే, పల్లెల్లోని పబ్బుల్లో మధ్యాహ్నం వంట రెండు, రెండున్నరకే ఆపేస్తారు. మీవాళ్ళు శాకాహారులైతే సూపు మాంసం నీళ్ళతో చేశారా అని అడగండి, చీజ్‌లో రెనెట్ (పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి తీసే పదార్థం) గురించి పట్టింపు ఉంటే అదీ అడగండి. ఏమీ అనుకోరు. అన్నిటికంటే మేలు పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకోవడం, దారి పొడవునా బల్లలున్నాయి.

మీ తేదీలు బావుల అలంకరణ వారంలో పడుతున్నాయా లేదా రాయండి. పడితే మొదటి రెండు రోజులూ ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది. కారు కాటేజ్ దగ్గరే వదిలేసి ఆ రెండు రోజులూ ఊళ్ళోనూ ట్రయల్ మీదా గడిపేలా, క్రామ్‌ఫర్డ్, ఆర్బర్ లో చివరికి జరిగేలా వరుస మార్చి చెప్తాను. సైకిళ్ళు మాత్రం ఇప్పుడే బుక్ చేసేయండి. ఎలక్ట్రిక్‌వి, పిల్లల సైజువి అన్నిటికంటే ముందు అయిపోతాయి.